పన్నెండో అటుకు

ట్యాంకరు ఒక్కటే. ఊర్లు పదకొండు.
దేవరకొండల పొద్దున బయలెల్లి
డీజిలు ఒడవకముందే తిరిగి రావాలె.
ఏది ముందు, ఏది వెనుక అని మండలాఫీసోళ్ళు నన్నడిగితే
నేను కంప్యూటర్ని అడిగిన.
మూడు కోట్ల తొంభై తొమ్మిది లక్షల
పదహారు వేల ఎనిమిది వందల వరుసలున్నయని
ఒక్కొక్కటే తిప్పి చూడబట్టింది.
నా ప్రోగ్రాము మోటుది, ఒప్పుకుంటా.
గంటకింతని ఇచ్చే గెస్టు లెక్చరర్ని,
మా ల్యాబుల కరెంటు నాకంటే తక్కువ గంటలుంటది.
మూడుసార్లు సగంల పోయింది.

నస్రీన్ మేడం వృక్షశాస్త్రం గదిలకెళ్ళి
ఒక గాజు పళ్ళెం పట్టుకొచ్చింది.
"నీ మిషన్ని పండుకోనియ్. దీన్నడుగు."
అడుగున పసుపుపచ్చగ, కారిన గుడ్డుసొన లెక్క ఏదో.
వానకాలంల సీతాఫలం మోడు కింద దొరికిందట.
మొక్క కాదు, పురుగు కాదు,
బూజంటరు గని బూజు కూడ కాదు.
మెదడు లేదు. నోరు లేదు.
ఆకలొక్కటి ఉన్నది.

కిరాణంల చైనాగ్రాస్ తెచ్చి ఉడికించి
పళ్ళెంల నేల పరిచినం.
బోరు నీళ్ళు కలిపితే ముడుచుకపోయింది.
మేమైతే ముప్పై ఏండ్లు తాగినం.
సరే, ట్యాంకరు నీళ్ళే దానికీ.
ఊరికొక జొన్న అటుకు:
రేకులగడ్డ, ఎర్రగుంటపల్లి, గన్యానాయక్ తండ...
వెలుతురంటే దానికి పడదు గనుక
గుట్టలున్న కాడ టార్చిలైటు కొట్టినం.
ఆఫీసు గోడ మీది నక్ష అరచేయంత అయ్యింది.

మొదటి రాత్రి అది అన్ని దిక్కులకు పారింది,
తెలివిలేని దాని లెక్క,
గుట్టల అంచుల్ల, తొవ్వలేని చోట, ఉత్తగనే.
రెండో రాత్రి వెనక్కి తీసుకోబట్టింది.
తిండి దొరకని కాడ ఒక్కొక్క నరం
సన్నబడి, తెల్లబడి, మాయం.
దొరికిన కాడ లావెక్కింది.
భూతద్దం పెట్టి చూస్తే లోపలి పసుపు
అటొకసారి, ఆగి, ఇటొకసారి ఉరుకుతున్నది.
ఏ వరుసనూ అది లెక్కపెట్టలేదు.
పోయి చూసింది, వదులుకున్నది. అంతే.

సైదులు వచ్చిండు పొద్దుగాల, చేతులకు గ్రీసు.
పళ్ళెం మీదికి వంగి, వేలు ఆనించకుండ
గాలిల నడిపించుకుంట పోయిండు.
"ఇది నా తొవ్వే గద. దీనికెవలు చెప్పిండ్రు?"
పద్నాలుగేండ్ల స్టీరింగు,
రెండు రాత్రుల పసుపు.
నేను సంబురంగ నోటుబుక్కుల రాసుకుంటున్న.

అప్పుడు వేలాగింది,
రేకులగడ్డకు ఎర్రగుంటపల్లికి నడుమ.
"ఇక్కడ తప్పింది. ఇట్ల సీద పోదు.
చుట్టు తిరగాలె."
తొవ్వ బాగలేదా? బాగనే ఉన్నదట.
వాగా? వాగు లేదు.
"బండ కింద ఒక్క ఇల్లున్నది.
గొర్లకాసే పోశవ్వ, ముగ్గురు పిల్లగాండ్లు.
నేను పోకున్నా ఎవలడగరు.
రెండు డ్రమ్ములే."

నక్షల లేదు. జాబితాల లేదు.
పెట్టని అటుకు వాసన
దానికెట్ల తెలుస్తది?

నస్రీన్ మేడం చిమ్టా తీసి
పన్నెండోది పెట్టింది.
అలవాటు కొద్ది నేను లెక్కేసుకున్న:
ఇప్పుడు నలభై ఏడు కోట్ల తొంభై లక్షల పైచిలుకు.
ఒక్క ఇంటికి.
నా మిషనైతే మళ్ళ మొదటికి పోతది.

ఇది మొదటికి పోలేదు.
లావు నరం పక్కకు చిన్న మొటిమ లెక్క ఉబ్బింది,
ఆగింది, గుట్ట మీది వెలుగును తప్పించుకున్నది.
పగటీలికి సగం దూరం.

సైదులు లోడు దించి మళ్ళ వచ్చిండు చూడటానికి,
బీడీ ఆర్పి, చెప్పులు బయట ఇడిచి.
"తొందరేం లేదు," అన్నడు దాంతోని,
"ఈ పొద్దు నేను పోయొచ్చిన."